మీ నాన్నని అడుగు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల మొదటి ఆరు అధ్యాయాలూ చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. చదువుతుంటే ఎక్కడా కాలికి రాయి తగలదు. అది చాలామందికి రాదు. నాకు కోపం తెప్పించింది నవల కాదు, దానితోపాటు పంపిన ఉత్తరం. అందులో ఇలా రాశావు: "మా నాన్న మామూలు బడిపంతులు. ఆయన జీవితంలో రాయడానికి ఏమీ లేదు. అందుకే హీరో తండ్రిని మిలిటరీ మనిషిని చేశాను." అది చదివి కాగితాలు పక్కన పెట్టేశాను. మళ్లీ చేతిలోకి తీసుకోవడానికి కొంత టైం పట్టింది.

అదే ఉత్తరంలో, నువ్వుంటున్న స్టాక్‌హోంలో స్థిరపడిన గ్రీకు నవలాకారుడు థియొడోర్ కల్లిఫతిదీస్ ప్రస్తావన తెచ్చావు. వలసపోయిన దేశపు భాషలో రాసి ఆయన అంత పేరు తెచ్చుకున్నాడు కదా, నేను కూడా తెలుగు వదిలేసి ఇంగ్లీషులో రాయనా అని అడిగావు. ఆయన పుస్తకాలు ఇంగ్లీషు అనువాదంలో దొరికినవి నేనూ చదివాను. నువ్వు ఆయన దగ్గర చూడాల్సింది భాష మార్చుకోవడం కాదమ్మా. ఆయన తండ్రి కూడా బడిపంతులే. అది చూడలేదు నువ్వు.

ఆ తండ్రి కథ విను. ఒట్టోమన్ ఏలుబడిలో, నల్లసముద్రం ఒడ్డున ట్రెబిజోండ్ వైపు పుట్టిన గ్రీకు ఆయన. అక్కడ గ్రీకులకి బతుకు లేకుండా పోయింది. పుట్టిన నేల వదిలేసి, చివరికి గ్రీసు దక్షిణాన లకోనియాలో మొలాయ్ అనే ఊళ్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ కుదురుకున్నాడు. 1941లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. ఆయన్ని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఇంత జరిగినా ఇంట్లో పిల్లలకి ఆయన రోజూ కనిపించే నాన్నే, ఊళ్లోవాళ్లకి మేష్టారే. కొడుకు పెద్దయ్యాక అడిగాడు, నీ జీవితం నాకు రాసిపెట్టు నాన్నా అని. తండ్రి కూర్చుని రాశాడు. ఆ కాగితాలు కొడుకు దగ్గర చాలా ఏళ్లు ఉన్నాయి. తన 68వ ఏట, 92 ఏళ్ల తల్లిని చూడ్డానికి ఏథెన్స్ వెళ్లి, ఆమె దగ్గర గడిపిన రోజుల్ని పుస్తకంగా రాశాడు. 2007లో స్వీడిష్‌లో వచ్చిన ఆ పుస్తకంలో తల్లి మాటల మధ్య తండ్రి రాత కూడా చేరింది. తండ్రి కలం పట్టకపోయి ఉంటే ట్రెబిజోండ్ ఆ ఇంట్లో ఒక ఊరి పేరుగా మిగిలిపోయేది.

ఇప్పుడు నీ నవలలో అమ్మ సంగతి చూడు. ఆరు అధ్యాయాల్లోనూ ఆమె ఫోన్ రాగానే కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది, ఆవకాయ పార్సిల్ కడుతుంది, గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తుంది. ఆమెకి పేరు లేదు. ఏ ఊరి నుంచి కాపురానికొచ్చిందో లేదు. కొడుకు చదువుకి గాజులు తాకట్టు పెట్టిందా, పెడితే విడిపించుకుందా, బ్యాంకులో పెట్టిందా, వడ్డీ వ్యాపారి దగ్గరా? ఏమీ తెలీదు. అసలు ఆమెకి కొడుకు మీద కోపమన్నది ఉందా? విదేశాల్లో ఉన్న పిల్లల మీద తల్లులకి ఎంత కోపం ఉంటుందో నేను మా వీధిలో రోజూ వింటున్నాను. అది నీ నవలలోకి రాలేదు.

ఈ ఏడుపు అమ్మ నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. పత్రికలు తయారు చేసిన అమ్మ ఆమె. ఒక వారపత్రిక దీపావళి ప్రత్యేక సంచికకి ప్రవాస కథ రాసిమ్మని నన్నడిగారు. నేను రాసిచ్చిన కథలో తల్లి వీడియో కాల్‌లో కొడుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది: అద్దె ఎంత, జీతం ఎంత, ఉద్యోగం ఊడితే ఎన్నాళ్లు ఉండనిస్తారు, నీ పక్క గదిలో ఉండేది ఎవరు. సంపాదకుడు ఫోన్ చేసి, "అంతా బాగుందండీ, చివర్లో ఆ తల్లి కాస్త ఏడవాలి" అన్నాడు. ఏడవదు అన్నాను. కథ తిరిగొచ్చింది. ఆ సంచికలో వేసుకున్న కథలన్నిట్లోనూ తల్లులు ఏడ్చారు. ఇలా ఏళ్ల తరబడి ఏడిపించి ఏడిపించి, ప్రవాస కథంటే గోంగూర, సంక్రాంతి ముగ్గు, ఎయిర్‌పోర్టులో కన్నీళ్లు అని నీ తరం వాళ్లకి నేర్పిపెట్టారు. పోటీల్లో బహుమతులు కూడా వాటికే ఇచ్చారు. నాకు దాని మీద ఇప్పటికీ మంటగానే ఉంది, దాచుకోను.

కల్లిఫతిదీస్ 1964లో స్వీడన్ చేరాడు, 26 ఏళ్ల వయసులో. హోటల్లో గిన్నెలు కడిగాడు, భాష నేర్చుకున్నాడు, యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివి అక్కడే పాఠం చెప్పాడు. 1969లో కవిత్వం, మరుసటి ఏడాది నవల, రెండూ స్వీడిష్‌లోనే. 1972 నుంచి నాలుగేళ్లు ఆ దేశంలో పేరున్న సాహిత్య పత్రికకి సంపాదకుడు. నువ్వు ఇవన్నీ ఉత్తరంలో రాశావు, ఆశ్చర్యపోయావు, బాగానే ఉంది. మరి ఆ సంపాదకుడి కుర్చీలో ఉన్న రోజుల్లో ఆయన ఏం రాస్తున్నాడు? యాలోస్ అని ఒక పల్లె కల్పించి, జర్మన్ ఆక్రమణ నుంచి అంతర్యుద్ధం దాకా ఆ పల్లె మనుషులు ఎలా బతికారో వరసగా మూడు నవలలు రాశాడు. 1973, 1975, 1977. తను పుట్టిన ఊరినీ, ఆ ఊళ్లో తన బాల్యాన్నీ తవ్వుకున్నాడు. 1946లో వాళ్ల కుటుంబం మొలాయ్ వదిలి ఏథెన్స్ వచ్చేసింది. అప్పటికి ఆయనకి ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్ల పిల్లాడి జ్ఞాపకంతో మూడు నవలలు నిలబడవు. ఇంట్లో పెద్దవాళ్ల నోటి నుంచి విన్నది ఉండాలి, అడిగి తెలుసుకున్నది ఉండాలి. నా నమ్మకం ఇదొక్కటే, దీన్ని నేను ఎవరు వచ్చి వాదించినా వదలను: ఇంటి మనుషుల గురించి జ్ఞాపకం మీద ఆధారపడి రాయకూడదు. వాళ్లని అడిగి రాయాలి. బతికుండగా అడగాలి.

నేను అలాగే రాశాను. మా నాన్న కరణం, ఊరి భూముల లెక్కలు రాసేవాడు. 1984లో ప్రభుత్వం కరణీకాలు, మునసబు గిరీలు రద్దు చేసినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ మాట్లాడేవారు కాదు. నేను ఆయనకి ఒక పాత చిట్టా పుస్తకం ఇచ్చి, రాయండి అన్నాను. గొలుసుకట్టు రాతలో రాశాడు. అది చదవడానికి నేను మా పెద్దనాన్న పక్కన కూర్చోవాల్సొచ్చింది. అందులో బాధ, అవమానం లాంటి మాటలు ఎక్కడా లేవు. రికార్డులు అప్పజెప్పిన రోజు ఏమేం ఇచ్చాడో వరసగా రాశాడు. అడంగళ్లు, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే పుస్తకాలు, ఏ ఫసలీ నుంచి, అంటే ఏ రెవెన్యూ సంవత్సరం నుంచి, ఏ ఫసలీ దాకా ఎన్ని, గ్రామ పటం గుడ్డకి అంటించినది ఒకటి, కొలత గొలుసు ఒకటి, చెక్కపెట్టె ఒకటి, దాని తాళంచెవి రెండు. రెండో తాళంచెవి ఎప్పుడూ మా అమ్మ మొలకి ఉండేది. ఆ పొద్దున అడిగి తీసుకున్నట్టు పక్కన చిన్నగా రాసి ఉంది.

ఆ జాబితాని ఉన్నదున్నట్టు పెట్టి నవలిక రాశాను. పత్రికలకి పంపితే ఒకాయన, "మధ్యలో ఈ సామాన్ల పట్టీ తీసేస్తే వేసుకుంటాం" అని జవాబు రాశాడు. ఇంకొకాయన తీసేయనా అని కూడా అడగలేదు, ఎర్రసిరాతో కొట్టేసి ప్రూఫు పంపాడు. వెనక్కి తెచ్చుకుని విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో నా డబ్బుతో అచ్చువేసుకున్నాను. ఇంట్లో ఆ ఏడాది పండక్కి బట్టలు లేవు. పుస్తకం మీద ఉత్తరాలు రాసినవాళ్లు దాదాపు అందరూ ఆ జాబితా గురించే రాశారు. కరణాల ఇళ్ల నుంచీ రాశారు, కరణాలంటే పడని ఇళ్ల నుంచీ రాశారు.

మళ్లీ నీ గ్రీకు ఆయన దగ్గరికి వస్తాను. 77 ఏళ్ల వయసులో ఆయనకి రాత ఆగిపోయింది. స్టాక్‌హోంలో రాసుకోవడానికి ఉంచుకున్న గది అమ్మేశాడు. అప్పుల సంక్షోభంలో ఉన్న గ్రీసుకి వెళ్లాడు. మొలాయ్‌లో బడిపిల్లలు ఆయన ముందు ఈస్కిలస్ నాటకం 'పర్షియన్లు' ఆడారు. ఆ తర్వాత ఆయన నేరుగా గ్రీకులో రాయడం మొదలుపెట్టాడు, యాభై ఏళ్ల తర్వాత. ఈ ఘట్టాన్ని మాతృభాష గొప్పతనానికి ఉదాహరణగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. నువ్వూ అలాగే చెప్పావు. నేనైతే ఆ నాటకం తీసి మళ్లీ చదివాను. క్రీస్తుపూర్వం 472లో ఆడిన నాటకం. రాసినాయన పర్షియన్ల మీద యుద్ధం చేసిన గ్రీకు, కానీ రంగస్థలం మీద నిలబెట్టింది ఓడిపోయిన శత్రువు తల్లిని. కొడుకు జెర్క్సిస్ సేనలతో గ్రీసు మీదికి వెళ్లాడు, కబురు లేదు. ఆ రాజమాత అతోస్సా సభలో పెద్దల్ని అడుగుతుంది: ఏథెన్స్ ఎక్కడుంది? వాళ్ల సైన్యం ఎంత? వాళ్ల దగ్గర డబ్బుందా? విల్లంబులతో పోరాడతారా? వాళ్లని ఏలేది ఎవరు? కబురు రాకముందు ఆ తల్లి చేసిన పని ప్రశ్నలు అడగడం. నా వీడియో కాల్ తల్లిని వద్దన్న సంపాదకుడికి ఈ నాటకం చదివి వినిపించాలని ఉంది నాకు.

ఆ తర్వాత, 80 ఏళ్ల వయసులో, కల్లిఫతిదీస్ ట్రాయ్ యుద్ధాన్ని తిరగరాశాడు. దాన్ని చెప్పేది ఎవరనుకున్నావు? జర్మన్ ఆక్రమణలో ఉన్న పల్లెలో ఒక టీచరమ్మ. బాంబులు పడుతుంటే పిల్లల్ని గుహలోకి తీసుకెళ్లి ఇలియడ్ కథ చెబుతుంది. అంత వయసులో, అన్ని పుస్తకాలు రాశాక కూడా ఆయన మళ్లీ బడి దగ్గరికే వచ్చాడు. నువ్వేమో పాతికేళ్లు దాటీ దాటగానే బడిపంతుల్ని తీసేసి ఆ చోట మిలిటరీ మనిషిని కూర్చోబెట్టావు. నువ్వు సైన్యం చూశావా? కార్గిల్ ఘట్టం చదివితే తెలిసిపోతోంది, సినిమాల్లో చూసింది రాశావని.

మీ నాన్న అవనిగడ్డ దగ్గర పుట్టి పెరిగాడని రాశావు. 60 దాటాయన్నావు. అంటే 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజున, ఆయనకి పన్నెండో పదమూడో ఏళ్లు ఉంటాయి. ఆ రాత్రి ఎక్కడున్నాడు? ఇంట్లో ఎంతమంది ఉన్నారు, తెల్లారేసరికి ఎంతమంది మిగిలారు? వాళ్ల పశువులేమయ్యాయి? ఆ తర్వాత బడి ఎప్పుడు తెరిచారు, తెరిస్తే క్లాసులో ఎవరెవరు రాలేదు? ఇవి ఆయన్ని ఎప్పుడన్నా అడిగావా? ఉత్తరంలో ఉప్పెన అనే మాటే లేదు. స్టాక్‌హోం చలి గురించి మాత్రం ఒకటిన్నర పేజీ ఉంది.

అక్కడితో అయిపోలేదు. బడిపంతులంటే పాఠం చెప్పేవాడే కాదు. జనాభా లెక్కలు రాసింది ఆయనే, ఎన్నికల డ్యూటీకి బ్యాలెట్ పెట్టె పట్టుకుని రాత్రి బడిలో పడుకున్నది ఆయనే. లెక్కల పేరుతో ఊళ్లో ప్రతి గడపా తొక్కాడు, ప్రతి ఇంట్లో ఎంతమందో, ఎవరు చదువుకున్నారో, ఎవరు ఏ పని చేస్తారో రాసుకున్నాడు. ఒక నవలాకారుడు జీవితాంతం తిరిగినా అన్ని గుమ్మాలు ఎక్కలేడు. ఆ మనిషి నీ ఇంట్లో ఉన్నాడు, ఆయన్ని పెట్టుకుని నువ్వు కార్గిల్ వెళ్లావు.

ఇంగ్లీషులో రాయాలా అన్నావు. కల్లిఫతిదీస్ స్వీడిష్‌లో సంసారం చేశాడు, పిల్లల్ని పెంచాడు, ఆ దేశం వీధుల్లో ఆ భాషలోనే తిరిగాడు. నీకు ఇంగ్లీషు ఆఫీసు భాష. స్టాక్‌హోం శివారు కిస్తాలో, ఆఫీసు మీటింగుల్లో మాట్లాడతావు, బయటికొస్తే దుకాణంలో స్వీడిష్, ఇంటికొస్తే తెలుగు. ఆయన చేసిన పని నువ్వు చేయాలంటే స్వీడిష్‌లో రాయాలి, ఇంగ్లీషులో కాదు. అయినా ఇప్పుడు అది మనకి అడ్డం కాదు. మీ నాన్న చెప్పేది తెలుగులోనే కదా చెబుతాడు, ముందు అది కాగితం మీదికి రానీ. పబ్లిషర్ల గురించి, కవరు బొమ్మ గురించి అడిగినవాటికి ఇప్పుడేమీ రాయను.

జూన్‌లో వస్తున్నానన్నావు. రాగానే పెన్ను, రూళ్ల పుస్తకాలు కొనివ్వు ఆయనకి. "మీ జీవితం గురించి చెప్పండి" అని అడగకు, ఆ ప్రశ్నకి ఏ తండ్రైనా "ఏముందమ్మా చెప్పడానికి" అంటాడు. మొదటి జీతం ఎంత, ఎవరి చేతికిచ్చారు అని అడుగు. మొదటి పోస్టింగుకి ఏ దారిన వెళ్లారు, రేవు దాటాల్సొచ్చేదా, ఎక్కడ తిన్నారు అని అడుగు. ఆయన చెబుతుంటే ఫోన్ ఎదురుగా పెట్టకు, రికార్డింగ్ చూస్తే పెద్దవాళ్లు ఉపన్యాసంలోకి వెళ్లిపోతారు. రాయమను, ఎంత టైం పట్టినా రాయమను. పక్కనే మీ అమ్మని కూర్చోబెట్టుకో, ఆయన తప్పు చెబితే ఆమె దిద్దుతుంది. ఆ దిద్దుబాట్లు విడిగా రాసుకో.

ఐదో అధ్యాయంలో మంచు కురిసే పేజీలన్నీ తీసెయ్యి. మూడో అధ్యాయంలో మేడమీద ట్యాంకు నీళ్లు పొంగిపోయి అమ్మ వాకిట్లోకి పరిగెత్తే పేరా మాత్రం ముట్టుకోకు, అక్కడ ఆమె మొదటిసారి మనిషిలా కనిపించింది. ఏడో అధ్యాయం పంపుతానన్నావు, వద్దు. మీ నాన్న రాసిన కాగితాలు జిరాక్సు తీసి పంపు, అవి చదివాక మాట్లాడుకుందాం. ఆయన చేతిరాత చిన్నదైతే జిరాక్సు కాస్త పెద్దది చేయించు, నాకు ఈ మధ్య చూపు సరిగా ఆనడం లేదు.

ఇట్లు,
మీ మాస్టారు