ఆగమన కాలమంటే మరో తపస్కాలమా?

విశాఖ జ్ఞానాపురం కెథడ్రల్‌లో క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో ఫాదర్‌గారి ఊదా వస్త్రాలు చూసి, ఇదీ తపస్కాలం (ఈస్టరుకు ముందొచ్చే ఉపవాస కాలం, అప్పుడూ ఊదా రంగే) లాంటిదేనా అని మీకొచ్చిన సందేహం సహజమే. ఆగమన కాలంలో ఉపవాస నియమమేమీ లేదు; తపస్కాలంలోలా అల్లెలూయా పాడడం కూడా ఆగదు. నవంబరు 30కి దగ్గరి ఆదివారం మొదలై క్రిస్మస్ దాకా నాలుగు ఆదివారాలు, పచ్చని ఆకుల దండలో వారానికొకటిగా వెలిగించే నాలుగు కొవ్వొత్తులు. మూడోది గులాబీ రంగు, సంతోష ఆదివారం.

ఈ ఆదివారాల పూజలో మహిమ గీతం మాత్రం పాడరు. బేత్లెహేములో దూతలు పాడిన మాటలతో మొదలయ్యే పాట కదా, క్రిస్మస్ రాత్రికి దాస్తారు. ఆ నిరీక్షణే అసలు సిద్ధపాటు. డిసెంబరు 17 నుంచి పఠనాలు నేరుగా యేసు జననం వైపు తిరుగుతాయి. పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఆలోపే చేసుకోండి, చివరి రెండు రోజులూ (స్టార్లు కట్టే హడావిడి వేరే!) ఫాదర్‌గారి దగ్గర వరస కదలదు.