మెడ్లీ ప్రాక్టీస్ అంటే రోజూ అదే 200 ఏనా?

ప్రశ్న: నమస్తే సార్, మాది బరంపురం. మా పాపకి 14 ఏళ్ళు, 200 మీటర్ల మెడ్లీ (బటర్‌ఫ్లై అంటే ఫ్లై, బ్యాక్, బ్రెస్ట్, ఫ్రీ, నాలుగు స్ట్రోకులూ వరసగా 50 చొప్పున) ఈదుతుంది. ఇక్కడ పూల్ 25 మీటర్లది. కోచ్ గారు మంచోరే గానీ రోజూ అదే పని, 200 మెడ్లీ ఈదు, కాసేపు ఆగు, మళ్ళీ ఈదు. ఇప్పుడు పిల్ల పూల్‌కి రానంటోంది, టైమ్ కూడా ఎక్కడిదక్కడే ఆగిపోయింది. రేసులో బ్యాక్ నుంచి బ్రెస్ట్‌కి మారే దగ్గరే వెనకబడిపోతోంది. భువనేశ్వర్‌లో మీట్ ఉంది, ఏం చెయ్యమంటారు?
— ఒక తండ్రి

జవాబు: ముందు పాప విసుగుని బద్ధకం అనుకోకండి సార్. వరసపెట్టి 200లు ఈదిస్తే మూడోదానికే భుజాలు లేవవు, అక్కడ్నుంచి తను ప్రాక్టీస్ చేసేది చెడిపోయిన బటర్‌ఫ్లైనే, రేసులో కూడా అదే వస్తుంది. కోచ్ గారితో కూర్చుని మాట్లాడండి, పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

అసలు సంగతి టర్నుల్లో, అంటే గోడ దగ్గర వెనక్కి తిరగడంలో ఉంది. 25 మీటర్ల పూల్‌లో 200 మెడ్లీకి ఏడు టర్నులు వస్తాయి, అందులో స్ట్రోక్ మారేవి మూడే. అంటే 200 మొత్తం ఈదితే బ్యాక్-బ్రెస్ట్ టర్న్ ఒక్కసారే వస్తుంది, అదీ బాగా అలిసిపోయాక. అదే 100 మెడ్లీ ఈదిస్తే ల్యాప్‌కో స్ట్రోక్ కాబట్టి సగం దూరంలోనే ఆ మూడూ వచ్చేస్తాయి. అంతకన్నా మేలు, వారంలో ఒక రోజు అచ్చంగా 50లే పెట్టండి, కొన్ని ఫ్లై-బ్యాక్, కొన్ని బ్రెస్ట్-ఫ్రీ, బ్యాక్-బ్రెస్ట్ మాత్రం మిగతావాటికి రెట్టింపు. మధ్యలో బాగా రెస్ట్ ఇచ్చి, ప్రతి టర్నూ రేసులో లాగే చెయ్యమనండి.

బ్యాక్-బ్రెస్ట్ దగ్గర రూల్ గుర్తుంచుకోండి, గోడ తాకేదాకా వెల్లకిలానే ఉండాలి, ముందే బోర్లా తిరిగితే డిస్‌క్వాలిఫై. చాలామంది పిల్లలు గోడ ఎక్కడుందో తెలీక చివర్లో స్లో అయిపోతారు. పూల్ మీద అడ్డంగా కట్టే జెండాలు గోడకి 5 మీటర్ల దూరంలో ఉంటాయి కదా, అవి కనబడ్డాక గోడ దాకా తనకి ఎన్ని చేతులు పడుతున్నాయో లెక్కపెట్టమనండి, తాజాగా ఉన్నప్పుడు ఒకసారి, అలిసిపోయాక ఒకసారి, ఎందుకంటే ఆ రెండూ ఒకటి కావు. క్రాస్ఓవర్ టర్న్ (వెల్లకిలా గోడ తాకి పల్టీ కొట్టి తిరిగేది) ఫాస్టే గానీ అందులో ఊపిరి తీసుకునే సందు ఉండదు, వెంటనే బ్రెస్ట్ పుల్అవుట్ (గోడ తన్నాక చేతులతో ఒక్కసారి పొడుగ్గా లాగడం) నీళ్ళ అడుగున చెయ్యాలి. పాపకి అక్కడ ఆయాసం వస్తుంటే ఈ మీట్‌కి మామూలు ఓపెన్ టర్నే (తల పైకెత్తి ఊపిరి తీసుకుని తిరిగేది) ఉంచండి, కొత్తది మీట్ అయ్యాక నేర్పించొచ్చు.

టర్న్‌కి అంత సీన్ ఉందా అంటే ఉంది సార్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ 400 మెడ్లీలో పెట్టిన 4:03.84 ప్రపంచ రికార్డు 15 ఏళ్ళు అలాగే ఉండిపోయింది, 2023లో జపాన్‌లోని ఫుకువోకాలో ఫ్రాన్స్ ఈతగాడు లియాన్ మార్షాన్ 4:02.50తో దాన్ని కొట్టాడు. ఆ వీడియో పాపకి చూపించండి, గోడ తన్నాక నీళ్ళ అడుగున అతను ఎంత దూరం పోతున్నాడో చూస్తే తనకే అర్థమైపోద్ది.

ఇక విసుగు పోవడానికి, స్ట్రోకుల వరస మార్చండి. ఒకరోజు బ్యాక్‌తో మొదలెట్టి ఫ్లైతో ముగించమనండి, అలిసిన ఒంటితో ఫ్లై ఎలా ఉంటుందో తెలుస్తుంది, కాకపోతే రూపం చెడిపోతుంటే అక్కడే ఆపి ఒంటి చేత్తో వెయ్యమనాలి. ఇంకోరోజు ఫ్లై బదులు తన వీక్ స్ట్రోక్ రెండుసార్లు. నాకు బాగా నచ్చేది మాత్రం బ్రోకెన్ 200, ప్రతి 50కి గోడ దగ్గర 10 సెకన్లు ఆగి, చివరికి మొత్తం టైమ్‌లోంచి 30 సెకన్లు తీసేస్తే వచ్చేది తన రేసు టైమ్ కంటే బాగుండాలి. నెంబర్ కళ్ళముందు కనబడితే ఈ వయసు పిల్లలు వద్దన్నా మళ్ళీ ఈదుతారు.

ఒకటి మర్చిపోవద్దు, భువనేశ్వర్ కళింగ స్టేడియం పూల్ 50 మీటర్లది. అక్కడ ఫ్లై మధ్యలో తన్నుకోవడానికి గోడ దొరకదు. అందుకని ఇక్కడే కొన్ని 50లు గోడ ముట్టుకోకుండా, ముందే నీళ్ళలోనే వెనక్కి తిరిగి ఈదించండి, చాలా కష్టంగా ఉంటుంది, వారానికోసారి చాలు.

ప్రశ్న: అన్నా, నాది పర్లాకిమిడి. మెడ్లీ కోసం బ్రెస్ట్ ఎక్కువ కొడుతున్నా, మోకాలి లోపలి వైపు నొప్పొస్తోంది. ఆపాలా?

జవాబు: బ్రెస్ట్ కిక్ ఆపు తమ్ముడూ, ఈత ఆపక్కర్లేదు. చేతులు బ్రెస్ట్‌వే ఉంచి కాళ్ళతో డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్ళూ కలిపి కొట్టేది) వెయ్యి, అదీ నొప్పిగా ఉంటే కాళ్ళ మధ్య పుల్ బాయ్ (కాళ్ళని తేల్చే ఫోమ్ ముక్క) పెట్టుకో. నొప్పి తగ్గాక మోకాళ్ళు మరీ వెడల్పుగా తెరవకుండా, వార్మప్ అయ్యాకే, కొంచెం కొంచెంగా కిక్ మొదలెట్టు. మెట్లెక్కేటప్పుడు కూడా నొప్పొస్తుంటే మాత్రం ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకో, ప్రాక్టీస్ తర్వాత.