సముద్రంలో తేలిన చమురు ఎవరిదో ఎలా తేలుస్తారు?

"చమురంతా నల్లగానే ఉంటుంది కదా, ఒడ్డుకి కొట్టుకొచ్చింది ఫలానా నౌకదేనని ఎలా చెప్తారు?" అని అడిగారు. కొన్నేళ్లు ల్యాబ్‌లో నా పని ఇదే, కాబట్టి చెప్తాను.

శాంపిల్‌ని సాల్వెంట్‌లో కరిగించి జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ) మెషీన్‌కి ఎక్కిస్తాం. అది అణువుల్ని విడదీసి, వాటి ముక్కల బరువు కొలిచి గ్రాఫ్ ఇస్తుంది. అందులో పైకి లేచిన ఒక్కో మొనని పీక్ అంటాం. కొత్తగా చేరినవాళ్ల కళ్లు పెద్ద పీకుల మీదికే పోతాయి. వాటిని నమ్మకూడదు. తేలికపాటి భాగం త్వరగా ఆవిరైపోతుంది, మామూలు ఆల్కేన్లని (తిన్నటి గొలుసులాంటి అణువుల్ని) బ్యాక్టీరియా తినేస్తుంది. బాగా ఎండకి ఎండిన తారు ముద్ద అయితే గ్రాఫ్ ఎడమవైపంతా ఖాళీ, మధ్యలో ఎద్దు మూపురం లాంటి ఉబ్బు. అసలు సంగతి ముక్క బరువు (మాస్) 191 దగ్గర కనిపించే చిన్న పీకుల్లో ఉంటుంది. అవి హోపేన్లు, కోట్ల ఏళ్ల కిందటి బ్యాక్టీరియా కణపొరల అవశేషాలు. ఎండకీ ఉప్పునీటికీ అంత తేలిగ్గా లొంగవు. 217 దగ్గర కనిపించే స్టెరేన్లనే ఇంకోరకం అణువులూ అంతే లొంగవు. బయోమార్కర్లు అని పిలిచే వీటి పాళ్లు ఒక చమురు క్షేత్రానికీ ఇంకోదానికీ తేడాగా ఉంటాయి.

దీని సత్తా తెలియాలంటే అలాస్కా సంగతి చూడండి. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డీజ్ నౌక ప్రిన్స్ విలియం సౌండ్‌లో దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు ఒలకబోసింది. తర్వాత అక్కడి ఒడ్డున దొరికిన తారు ముద్దలు దానివేనని ఎవరైనా అనుకుంటారు. అమెరికా భూగర్భ సర్వేవాళ్లు 61 ముద్దల్ని పరీక్షిస్తే కార్బన్ ఐసోటోప్ విలువ (బరువైన, తేలికైన కార్బన్‌ల పాళ్లు చెప్పే అంకె) మైనస్ 23.7 దగ్గర వచ్చింది. నౌక చమురుదేమో మైనస్ 29.4. బయోమార్కర్లూ కలవలేదు. ఆ ముద్దలు కాలిఫోర్నియాలోని మాంటెరీ అనే రాతిపొరల్లో పుట్టిన చమురువి! ఒకప్పుడు రోడ్లకీ నిర్మాణాలకీ అలాస్కా తెప్పించుకున్న సరుకు అది. 1964 భూకంపంలో నిల్వ ట్యాంకులు పగిలి సముద్రంలో కలిసి ఉంటుందని వాళ్ల అంచనా.

మీకెక్కడైనా తారు ముద్ద దొరికితే గాజు సీసాలోనే పెట్టండి. మాకొకసారి కూరగాయల కవర్‌లో చుట్టి పంపారు, ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే థాలేట్ల పీక్ గ్రాఫ్‌లో నిటారుగా లేచి కూర్చుంది. అనుమానం ఉన్న నౌకల ట్యాంకుల నుంచీ శాంపిల్ తేవాలి, పోల్చడానికి ఏమీ లేకపోతే గ్రాఫ్ ఎంత బాగున్నా దండగే. నా అనుభవంలో "ఇది దానిది కాదు" అని చెప్పడం తేలిక, "దానిదే" అనడానికే చెయ్యి వణుకుతుంది. ఒకే క్షేత్రం సరుకు రెండు నౌకల్లో ఉంటే కెమిస్ట్రీ చాలదు, ఆ రోజు ఏ నౌక ఎటు వెళ్లిందో, గాలీ ప్రవాహం ఎటున్నాయో చూడాల్సిందే.