మీరడిగారు: ఇద్దరు ఖైదీలు, ఇరవై ఎనిమిదేళ్లు

ప్రశ్న: సార్, మేం బైరాగిపట్టెడలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాం. ఒక మెటీరియల్‌లో 'బాల్కన్ మండేలా అని ఎవరిని అంటారు?' అనే బిట్ వచ్చింది. నేను ఆర్బ్‌నోరి అన్నాను, మా రూమ్మేట్ దెమాచి అన్నాడు. ఇద్దరూ అల్బేనియన్లేనట, ఇద్దరూ రచయితలేనట, ఇద్దరూ 28 ఏళ్లు జైల్లో ఉన్నవాళ్లేనట. రాత్రంతా ఇదే గొడవ. ఇంకో డౌటు కూడా ఉంది. అన్నేళ్లు లోపలున్న ఆర్బ్‌నోరి తర్వాత అల్బేనియా పార్లమెంటుకు స్పీకరయ్యాక పగ తీర్చుకోలేదా? మన దగ్గరైతే ఊరుకుంటారా సార్?
- ఓ అభ్యర్థి, తిరుపతి

జవాబు: బిట్ వరకైతే మార్కు నీదే నాయనా. అయినా మీవాణ్ని మరీ ఆటపట్టించొద్దు. ఆదెమ్ దెమాచిని 'కొసావో మండేలా' అంటారు కాబట్టి సగం మార్కు అతనికీ రావాలి. దెమాచి యుగోస్లావియా పాలనలో ఉన్న కొసావో అల్బేనియన్. తరతరాల రక్తపు పగల మీద 1958లో నవల రాశాడు, ఆ ఏడాదే మొదటిసారి అరెస్టయ్యాడు. మూడు విడతల శిక్షలు ముగించుకుని 1990లో బయటికొచ్చాడు. మరుసటి ఏడాది మానవ హక్కుల కోసం పోరాడినవాళ్లకు యూరోపియన్ పార్లమెంటు ఇచ్చే సఖరోవ్ బహుమతి వచ్చింది. 2018లో పోయాడు.

ప్యెతెర్ ఆర్బ్‌నోరిది వేరే కథ. ఆయన్ను లోపలేసింది పరాయి ప్రభుత్వం కాదు, సొంత దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా ప్రభుత్వం. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 41 లక్షల పైచిలుకు జనం. అల్బేనియా దేశం మొత్తం కలిపినా అప్పట్లో అంతమంది లేరు. అంత చిన్న దేశంలో 1967లో మసీదులు, చర్చిలు అన్నీ మూసేశారు. వీధికో గుడి ఉన్న తిరుపతిలో కూర్చుని ఆ సంగతి ఊహించడం కష్టం. ఆర్బ్‌నోరి 1935లో దుర్రెస్ రేవు పట్టణంలో పుట్టాడు. సాహిత్యం చదివి కవాయ అనే ఊళ్లో పంతులుద్యోగం చేశాడు. కొందరు మిత్రులతో కలిసి రహస్యంగా సోషల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టే ప్రయత్నం చేశాడు. 1961లో పట్టుకున్నారు. మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని పాతికేళ్లకు మార్చారు. అది పూర్తికాక ముందే ఇంకో పదేళ్లు కలిపారు. ఎక్కువ కాలం బుర్రెల్ జైల్లో గడిచింది. హోజా 1985లో పోయినా ఈయన మాత్రం 1989 దాకా లోపలే ఉన్నాడు. మండేలా కంటే ఒక ఏడాది ముందు జైలుకెళ్లి, ఆయన కంటే కొన్ని నెలల ముందు బయటికొచ్చాడు. తేదీలే చూస్తే మండేలానే 'ఆఫ్రికా ఆర్బ్‌నోరి' అనాలి. కానీ పేరు పెట్టేది టీవీల వాళ్లు కదా!

విడుదలయ్యాక వడ్రంగి పనికి కుదిరాడు. యాభై దాటిన మనిషి, రచయిత, పని నేర్చుకునే కుర్రాళ్ల పక్కన నిలబడి చిత్రిక పట్టాడు. 1991లో డెమొక్రటిక్ పార్టీ తరఫున ఎంపీ, 1992 ఏప్రిల్‌లో స్పీకరు. ఉలి పక్కన పెట్టి స్పీకరు కుర్చీ ఎక్కడానికి మూడేళ్లు కూడా పట్టలేదు.

ఇక పగ సంగతి. తనను జైల్లో పెట్టిన పార్టీ పేరు మార్చుకుని సోషలిస్టు పార్టీగా అదే సభలో ప్రతిపక్షంలో కూర్చుంది. వాళ్లకు మైకు ఇవ్వాల్సింది ఈయనే. ఐదేళ్లు ఆ పని చేశాడు. అలాగని ఆ ఐదేళ్లకు హారతి పట్టమని నేను చెప్పను. ఆయన స్పీకరుగా ఉన్నప్పుడే, 1993లో, ప్రతిపక్ష నాయకుడు ఫాతోస్ నానోను అవినీతి కేసులో జైల్లో పెట్టారు. అది కక్ష సాధింపేనని దేశంలోనూ బయటా చాలామంది అన్నారు. 1996 ఎన్నికల మీద కూడా బోలెడు మచ్చలు. 1997లో వడ్డీ ఆశచూపి డబ్బు గుంజిన కంపెనీలన్నీ వరసపెట్టి మునిగాయి. మన జిల్లాలో చీటీల కంపెనీ బోర్డు తిప్పేస్తే ఆఫీసు ముందు ఎలా గుమిగూడతారో తెలుసు కదా, అక్కడ దేశమంతా అలా వీధికెక్కింది. ఆయుధాగారాలు దోచుకున్నారు, వందల మంది చచ్చిపోయారు. ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది.

నాకు ఆర్బ్‌నోరి మీద గౌరవం కలిగేది ఆ తర్వాత జరిగినదానికి. ప్రభుత్వ టీవీలో ప్రతిపక్షానికీ సమయం ఇవ్వాలని ఆ ఏడాదే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అరవై దాటింది, జైలు తిన్న ఒళ్లు. చివరికి చట్టం మార్చారు, ఆ సవరణను ఆయన పేరుతోనే పిలుస్తారు. వాళ్ల పార్టీ రాజ్యం చేసినప్పుడు టీవీ మీద సోషలిస్టులదీ ఇదే ఫిర్యాదు కదా అని మీ రూమ్మేట్ అడగొచ్చు. అడగాల్సిందే. కానీ ఆ సవరణ రేపు ఓడిపోయే ఏ పార్టీకైనా పనికొస్తుంది, ఆయన్ను జైల్లో పెట్టినవాళ్ల వారసులకైనా సరే. నీ ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ప్రశ్న: ఆర్బ్‌నోరి జైల్లో కూర్చుని నవలలు రాశాడంటే నమ్మబుద్ధి కావడం లేదండీ. మనసెలా నిలుస్తుంది?
- రిటైర్డ్ హెడ్మాస్టరు, చిత్తూరు

జవాబు: అయ్యా, మీకు చెప్పేంతటివాణ్ని కాదు. మా చిన్నాన్న ఎమర్జెన్సీలో కొన్ని నెలలు లోపలున్నాడు. అక్కడ ఉత్తరాలకు లెక్క ఉండేదట, కాగితానికీ లెక్కేనట. ఇంటికొచ్చాక కాగితాలు దండిగా ఉన్నా చీమ తలకాయంత అక్షరాలే రాసేవాడు. ఒక్క ఇన్‌లాండ్ లెటర్‌లో పెళ్లిచూపులు, వేరుశనగ రేటు, ఆవు ఈనడం అన్నీ పట్టించేవాడు. మా పిన్ని కిటికీ దగ్గర నిలబడి, కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని చదివేది. "ఏం మనిషివయ్యా, ఇంకో పావలా పెట్టి రెండోది కొనుక్కోకూడదా" అని తిట్టేది. ఆయన మాత్రం మడత అంచుల్లో కూడా ఖాళీ వదిలేవాడు కాదు.

కొన్ని నెలలకే అలాంటి అలవాటు పడితే ఇరవై ఎనిమిదేళ్ల మనిషి సంగతి మీరే అంచనా వేయండి. ఆర్బ్‌నోరి అలా లోపల రాసిన నవలలు కమ్యూనిస్టు పాలన పోయాకే అచ్చయ్యాయి. స్పీకరు పదవిలోనూ, ఆ తర్వాతా రాస్తూనే ఉన్నాడు. 2006 జూలైలో ఇటలీలోని నేపుల్స్‌లో పోయాడు. ఆయన్ను రాజకీయ నాయకుడిగా గుర్తుపెట్టుకోవాలా, రచయితగానా అని అడిగితే, రెండోదానికే ఎక్కువ ఓట్లు పడాలని నా ఉద్దేశం.