ఇండోహ్యూస్‌ను ఏ కుటుంబంలో చేర్చాలి?

ప్రశ్న: జమ్మూలో శిలాజాలుగా దొరికిన ఇండోహ్యూస్ అనే గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం చదివింది. ఆ పేరుకు ‘భారతదేశపు పంది’ అని అర్థమట. మరి దానిని పందుల్లో చేర్చాలా, తిమింగలాల్లో చేర్చాలా?
— ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: రెండింటిలోనూ కాదు. ఇండోహ్యూస్‌ది రావొల్లిడే అనే వేరే కుటుంబం. అయితే తిమింగలాలకు అన్నిటికన్నా దగ్గరిది ఆ కుటుంబమే.

మీ సందేహానికి మూలం పేరులోనే ఉంది. ఓఎన్‌జీసీలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త ఏ. రంగారావు, జమ్మూలోని కాలాకోట్ ప్రాంతంలో దొరికిన దవడ ముక్కలనూ పళ్లనూ బట్టి 1971లో ఈ పేరు పెట్టారు. పళ్లు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు దానిని పందిని పోలిన చిన్న జంతువనుకోవడంలో తప్పేమీ లేదు. ఆయన సేకరించిన రాళ్లలో చాలా భాగం ఎవరూ తెరిచి చూడకుండానే ఉండిపోగా, ఆయన మరణానంతరం ఆయన భార్య వాటిని అమెరికాలో పనిచేస్తున్న శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. పారేయకుండా భద్రపరిచిన ఆ ఇల్లాలికి శాస్త్రం ఎంతో రుణపడి ఉందని నేను నమ్ముతాను. ఎందుకంటే, ఆ రాళ్లను శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగి, మధ్య చెవిని కప్పే ఎముక బయటపడింది. దాని లోపలి గోడ బాగా మందంగా, బయటి గోడ పలుచగా ఉంది. ఈ అమరిక అప్పటిదాకా తిమింగలాలు, డాల్ఫిన్ల వర్గానికే ప్రత్యేకమనుకునేవారు. 2007లో థెవిసెన్ బృందం దీనిని ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది.

కాళ్ల ఎముకల గోడలు కూడా నీటిగుర్రానికి ఉన్నట్లే మందంగా ఉన్నాయి. అంటే, పిల్లి పరిమాణంలో ఉండే ఆ జంతువు నీటిలో తేలిపోకుండా అడుగున నడవగలిగేది. ఇక చీలమండ ఎముక రెండు చివరలా గిలకలా గాడిపడి ఉంటుంది. ఆవు, మేక, జింక, పంది వంటి సరిసంఖ్య గిట్టల జంతువులన్నిటికీ ఇదే గుర్తు. పాకిస్తాన్‌లో దొరికిన కాళ్లున్న తొలి తిమింగలాల్లోనూ ఇదే ఎముక ఉన్నట్లు 2001లోనే తేలింది కనుక, తిమింగలాలు కూడా ఈ గిట్టల జంతువుల వర్గంలోనివేనని నేడు వర్గీకరిస్తున్నారు. బతికి ఉన్నవాటిలో వాటికి అతి దగ్గరిది నీటిగుర్రమని డీఎన్‌ఏ పరీక్షలు చెబుతున్నాయి.

ఒక జాగ్రత్త అవసరం. ఇండోహ్యూస్ సుమారు 4.8 కోట్ల సంవత్సరాల నాటిది. పాకిసీటస్ వంటి తొలి తిమింగలాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి, దానిని వాటి పూర్వీకురాలు అనకూడదు, సోదర శాఖ అనాలి. మీ అమ్మాయి వంశవృక్షం గీసేటప్పుడు తిమింగలాల కొమ్మ పక్కనే, అదే మొదలు నుంచి చీలినట్లుగా, రావొల్లిడే కొమ్మను గీయమనండి.