అప్పు ఎవరిని అడుగుతాం, ఎంతమందికి తెలియనిస్తాం

హఠాత్తుగా ఖర్చు మీద పడితే కొన్ని కుటుంబాలు వెంటనే బంధువులకు ఫోన్లు చేస్తాయి, మరికొన్ని మూడో కంటికి తెలియకుండా నగలు కుదువ పెడతాయి, ఈ తేడా ఎందుకని అడిగారు. దేవరకొండ ప్రాంతంలో పుట్టి నల్లగొండలో స్థిరపడిన నేను గమనించినంతలో, ఆదాయం కన్నా ఆ అప్పు ఏ రూపంలో తీర్చాలి, ఎంతమందికి తెలియాలి అన్నవే దీన్ని నిర్ణయిస్తాయి.

మా అమ్మ బీరువాలో చదివింపుల పుస్తకం ఒకటి ఉంటుంది. అక్క పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో ఊరిపేరు, ఇంటిపేరుతో సహా అందులో రాసి ఉంటుంది. నాన్నకు గుండె ఆపరేషన్ అన్నప్పుడు అమ్మ ఆ పుస్తకం ముందేసుకుని, మనం ఎవరింటికి ఎంత పెట్టామో గుర్తు చేసుకుంటూ, మొహమాటం లేకుండా ఎవరిని అడగవచ్చో తేల్చుకుంది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే జరిగింది. అయినా హైదరాబాదులో తోడున్నవారి తిండి, గది అద్దె, పోయిన కూలి ఏ కార్డులోకీ రావు. చేబదులు అవసరమైంది వాటికే. ఆ డబ్బుకు మిత్తి (వడ్డీ) లేదు కాని, ఇచ్చినవారింట్లో శుభకార్యమైతే ఎన్ని పనులున్నా మానుకుని వెళ్లవలసిందే.

ఆ మొహమాటం వద్దనుకున్నవారు నగలు కుదువ పెట్టుకునే సేటు దుకాణం మెట్లెక్కుతారు. మా పక్కింటి ఉపాధ్యాయ దంపతులు, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతమని తెలిసీ, ఒకరి నోట మాట పడటం కన్నా అదే నయమనేవారు. గొలుసు విడిపించేదాకా ఆవిడ రోల్డ్‌గోల్డ్ గొలుసుతోనే పెళ్లిళ్లకు వచ్చేది.

మిత్తి నిషిద్ధమని నమ్మే మా వీధి ముస్లిం కుటుంబాలు నెలనెలా సమానంగా డబ్బు వేసుకుని వంతులవారీగా తీసుకుంటాయి. మన చీటీపాటలో అవసరం ఎక్కువున్నవాడే ఎక్కువ వదులుకుంటాడు. అక్కడ మాత్రం ఆపద వచ్చిన ఇంటికి మిగతావారు తమ వంతు వదిలిపెట్టడం నేను చూశాను. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే.

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ముంబై, పుణెలకు వలస వెళ్లే ఇళ్లలో ఆదుకునేది, కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు. అది చెమటతోనే తీరాలి, పైగా ఎవరు తీసుకున్నారో ఊరంతటికీ తెలుసు. మహిళా సంఘాలు వచ్చాక చౌక అప్పుకు దారి ఏర్పడినా, అక్కడ సభ్యులందరి ముందూ కారణం చెప్పి తీర్మానం రాయించుకోవాలి. మా పక్కింటావిడ సంఘంలో సభ్యురాలై ఉండి కూడా సేటు దగ్గరికే వెళ్లింది.