ఊరి చిహ్నాన్ని రాజముద్ర అనవచ్చా?

సందేహం: మేము మ్యూనిక్‌లో ఉంటాం. ఆస్ట్రియా సరిహద్దు దగ్గర ఉన్న ఫ్యూసెన్ అనే చిన్న పట్టణం చూసొచ్చి ఒక వ్యాసం రాశాను. ఆ ఊరి గుర్తు మూడు కాళ్ల బొమ్మ. దాన్ని ‘ఫ్యూసెన్ రాజముద్ర’ అని రాస్తే మా మావయ్యగారు ‘లాంఛనం’ అనాలన్నారు. మా అబ్బాయేమో లోగో అంటే సరిపోతుంది కదా అంటున్నాడు. ఏది సరి? జెండా, పతాకం, ధ్వజం, బావుటాల్లో ఏది వాడాలి?

సమాధానం: రాజముద్ర అని మీకు తోచడంలో వింత లేదు. మన పత్రికలు రాష్ట్ర ప్రభుత్వ చిహ్నాన్ని రాజముద్ర అనే రాస్తున్నాయి. ప్రభుత్వం విషయంలో అది చెల్లుతుంది కానీ 15 వేల మంది ఉన్న మునిసిపాలిటీకి అతకదు. అంతకంటే పెద్ద చిక్కు ‘ముద్ర’తో ఉంది. ముద్ర అంటే కాగితం మీదో లక్క మీదో వేసేది. మీరు చెబుతున్నది ఆ ముద్ర లోపల ఉండే బొమ్మ. ఫ్యూసెన్ ఉన్న జర్మన్ రాష్ట్రం బవేరియా పురపాలక చట్టం ఈ రెంటినీ విడిగానే చూస్తుంది: సొంత చిహ్నం ఉన్న ఊరు దాన్ని తన అధికార ముద్రలో వాడాలి, లేని ఊరు రాష్ట్రపు చిన్న చిహ్నాన్ని వాడాలి. బయటివాళ్లు ఊరి చిహ్నాన్ని గానీ జెండాను గానీ వాడుకోవాలంటే ఊరి అనుమతి ఉండాలి.

ఈ తేడా మనకు కొత్తేమీ కాదు. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల రేకులను గుచ్చిన కడియానికి ఉండే ముద్ర మీద వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు కనిపిస్తాయి. అక్కడ కడియానికి అతికించినది ముద్ర, వరాహం లాంఛనం. కాబట్టి మీ మావయ్యగారి మాట శాస్త్రీయంగా సరైనదే. చరిత్ర వ్యాసమైతే నేనూ అదే వాడతాను. కానీ నేటి పాఠకుడికి లాంఛనం అనగానే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలో, ఆడపడుచు లాంఛనాలో గుర్తొస్తాయి. ‘ఫ్యూసెన్ లాంఛనాలు’ అని శీర్షిక పెడితే పెళ్లి ఖర్చుల గురించి అనుకున్నా ఆశ్చర్యం లేదు.

లోగో మాత్రం వద్దు. లోగో అంటే ఒకే గీత, ఒకే కొలత. ఆ గీత మారితే లోగో మారినట్టే. యూరప్ చిహ్నశాస్త్రంలో అసలైనది బొమ్మ కాదు, మాటల్లో రాసిన వర్ణన. ‘బంగారు నేపథ్యం మీద, తొడల దగ్గర కలిసిన మూడు నల్లని కాళ్లు’ అన్న వర్ణనకు ఏ చిత్రకారుడు ఎలా గీసినా అది ఫ్యూసెన్ చిహ్నమే. బంగారాన్ని పసుపుతో, వెండిని తెలుపుతో చూపించినా తప్పు లేదు.

ఇక నా సలహా. జర్మన్‌లో దీన్ని వాపెన్ అంటారు. ఆయుధాన్ని చెప్పే వాఫె అన్న మాటకు అది చుట్టం. యోధుడి డాలు మీద వేసిన గుర్తే తర్వాత వంశాలకూ ఊళ్లకూ వచ్చింది. అందుకని మొదటిసారి ‘డాలుచిహ్నం’ అని రాసి, ఆ తర్వాత ‘పట్టణ చిహ్నం’ అంటే చాలు. కాళ్లెందుకో కూడా ఒక వాక్యంలో చెప్పండి, పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. జర్మన్‌లో ఫ్యూసె అంటే పాదాలు. ఊరి పేరును బొమ్మతో పలికించడమన్నమాట. అంతమాత్రాన ఊరి పేరు పాదాల నుంచే పుట్టిందని రాయకండి. రోమన్ల కాలంలోనే అక్కడి కోటకు ఫోయెతెస్ అనే పేరుంది. పక్కనే ఉన్న ష్వాన్‌గౌ చిహ్నంలో హంస ఉంటుంది. ష్వాన్ అంటే హంస, అక్కడా అదే చమత్కారం.

ఇంకో జాగ్రత్త. ఇలాంటి చిహ్నాల వర్ణనలో ‘కుడి’ అంటే డాలు పట్టుకున్నవాడి కుడి, చూసేవాడికి ఎడమ. గుడిలో అమ్మవారు స్వామికి ఎడమవైపు ఉందని చెప్పేటప్పుడు మనమూ స్వామి వైపు నుంచే చెబుతాం. జర్మన్ వర్ణనను తెలుగు చేసేటప్పుడు ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

జెండా సంగతి తేలిక. ‘ఊరి జెండా’ అనండి. పతాకం గంభీరమైన మాట, జాతీయ పతాకానికి నప్పుతుంది. ధ్వజం అంటే గుర్తుతో కూడిన కేతనం. కపిధ్వజుడు, గరుడధ్వజుడు అన్న పేర్లు అలా వచ్చినవే. గుర్తున్న జెండా కాబట్టి అర్థం కుదురుతుంది కానీ, ‘పట్టణ ధ్వజం’ అంటే చదివేవాడికి ధ్వజస్తంభం కళ్లముందుకొస్తుంది. బావుటాను పత్రికలు తిరుగుబాటుకు అప్పగించేశాయి. ‘ఫ్యూసెన్ బావుటా’ అంటే ఊరు ఎవరి మీద తిరగబడిందోనని చూస్తారు. జర్మన్ ఊళ్లలో అడ్డకర్రకు నిలువుగా వేలాడదీసే పొడవాటి జెండాలు కూడా ఉంటాయి. వాటిని బ్యానర్లు అంటారు కానీ, తెలుగులో బ్యానర్ అంటే ఫ్లెక్సీ అనుకుంటారు గనక ‘నిలువు జెండా’ అని రాయండి.

క్రియ విషయంలోనూ జాగ్రత్త. ‘పండుగ రోజున జెండా ఎత్తేశారు’ అని రాస్తే ఊరు ఖాళీ చేసి పోయారని అర్థం. ‘ఎగరేశారు’ అనండి.